గని, రైలు, మోటారు: పాత వరంగల్ జిల్లాలో ఇంధన విధానం నడిచిన దారి

భూపాలపల్లి బొగ్గు తవ్వే నేల. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్, తెలంగాణలో తొలిసారి తవ్విన బొగ్గు పెద్ద రైలుమార్గంలో కలిసిన జంక్షన్. జనగామ బావుల మీద, బోర్ల మీద బతికే మెట్ట ప్రాంతం. అక్కడ కరెంటు లేకపోతే మడి తడవదు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు ఈ మూడూ మూడు వేర్వేరు జిల్లాల్లోకి వెళ్లాయి. ఇంధనాన్ని తీయడం, మోయడం, వాడడం అనే మూడు పనులూ ఇంత దగ్గర దగ్గరగా జరిగే చోట్లు దేశంలో ఎక్కువ లేవు. అయినా ఆ మూడింటినీ కలిపి ఆలోచించిన కాలం ఇక్కడ తక్కువ. బొగ్గు గురించి ఒకరు, కరెంటు గురించి ఇంకొకరు, నీళ్ల గురించి మరొకరు నిర్ణయాలు తీసుకున్నారు. గని కార్మికుడికీ రైతుకూ జరిగిన నష్టంలో పెద్ద భాగం ఆ విడివిడి నిర్ణయాల వల్లనే జరిగింది.

బొగ్గు రాకముందు ఈ ప్రాంతపు ఇంధనం కట్టె, పేడ, పశువుల బలం. మహబూబాబాద్, ములుగు వైపు అడవులు పొయ్యికి కట్టెను, కొలిమికి కర్రబొగ్గును ఇచ్చేవి. జనగామ వైపు అడవి పలచన. అక్కడ బలమంతా ఎద్దులదే. మోట కట్టి, తోలు బొక్కెనతో బావి నీళ్లు తోడి, పొద్దంతా నడిస్తే తడిసేది కొద్దిపాటి మడి. కాకతీయుల నాటి చెరువులు నిండిన ఏడాది మోట పని తగ్గేది. నీళ్లు పల్లానికి వాటంతట అవే పారేలా కట్టిన ఆ గొలుసుకట్టు చెరువులు ఇంధనం అక్కర్లేని సాగు పద్ధతి. చెరువులు పూడి, వాటి స్థానంలో బావులు, బోర్లు పెరిగిన కొద్దీ నీళ్లను పైకి లాగే బలం ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న మొదలైంది.

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. అక్కడి ఒక పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరుంది. బొగ్గు ఉందని తెలిసినంత మాత్రాన లాభం లేదు, మోసుకుపోయే దారి కావాలి. నిజాం రాజ్యంలో 1874 నాటికి వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా రైలు వచ్చింది. బొగ్గు మాత్రం తూర్పున ఉంది. లైను పొడిగించడానికి లండన్‌లో పెట్టుబడి సేకరించి, పెట్టినవారికి వడ్డీ తామే హామీ ఇవ్వాలన్నది పాలకులు ఎంచుకున్న పద్ధతి. చందా రైల్వే పథకం పేరుతో వచ్చిన ఈ ప్రతిపాదన మీద 1883లో హైదరాబాద్ నగరంలో నిరసన రేగింది. ప్రజలకు వివరాలు చెప్పకుండా ఖజానా మీద ఇంత భారం ఎలా పెడతారని అడిగినవారిలో ముందున్న అఘోరనాథ చటోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. ఇంధన ఒప్పందాల్లో లెక్కలు బయటపెట్టాలన్న డిమాండు ఈ నేల మీద అంత పాతది.

రైలు ఆగలేదు. 1886లో వరంగల్ దాకా, 1888లో డోర్నకల్ దాకా, 1889లో బెజవాడ దాకా లైను పూర్తయింది. డోర్నకల్ వైపు నుంచి ఇల్లందు గనులకు చీలిక లైను పడింది. ఆ దారిలోని సింగరేణి అనే చిన్న ఊరి పేరే తర్వాత మొత్తం బొగ్గు సంస్థకు పేరైంది. గనుల హక్కు 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ చేతికి వెళ్లింది. ఆ హక్కుల కేటాయింపులో నిజాం ప్రభుత్వ అధికారి అబ్దుల్ హక్ తెర వెనుక లాభపడ్డాడన్న ఆరోపణ లండన్ దాకా పాకింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ ఒక సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. వాటాల కుంభకోణం ఎలా ముగిసినా గని ఆగలేదు. 1889 నుంచి బొగ్గు వాణిజ్యానికి బయటికి రాసాగింది. రైలుకు బొగ్గు కావాలి, బొగ్గుకు రైలు కావాలి. ఈ రెండింటినీ ఒకేసారి వేసిన ఆ ప్రణాళికలో స్వార్థం ఎంత ఉన్నా, పనుల పొందిక మాత్రం ఉంది. అందులో చోటు లేనిది ఆ దారి పొడవునా ఉన్న పల్లెలకు.

హైదరాబాద్‌లో 1910లో విద్యుత్ శాఖ ఏర్పడింది. 1920లో హుస్సేన్ సాగర్ గట్టున 22.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం మొదలైంది. సింగరేణి బొగ్గుతో రాజధానిలో దీపాలు వెలిగాయి, ఫ్యాక్టరీలు నడిచాయి. మానుకోట (మహబూబాబాద్), గార్ల, డోర్నకల్ స్టేషన్ల మీదుగా బొగ్గు వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. పట్టాలకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో మాత్రం దశాబ్దాల తరబడి కిరసనాయిలు బుడ్డీయే. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. ఆ తేదీనే కార్మికులు నేటికీ సింగరేణి డేగా జరుపుకుంటారు. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీలో మెజారిటీ వాటా కొన్నది. దేశంలో మిగతా బొగ్గు గనులు 1971–73 మధ్య జాతీయమయ్యాయి. సింగరేణి అంతకు పాతికేళ్ల ముందే ప్రభుత్వ ఆస్తి. ఇప్పుడు అందులో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఈ ఉమ్మడి యాజమాన్యం వల్ల రాష్ట్రానికి బొగ్గు మీద ఒక మాట మిగిలింది. దేశంలోని చాలా బొగ్గు రాష్ట్రాలకు ఆ మాట లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 విద్యుత్ సరఫరా చట్టం ప్రతి రాష్ట్రంలో ఒక బోర్డు ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 ఏప్రిల్ 1న విద్యుత్ బోర్డు ఏర్పడింది. రామగుండంలో, తర్వాత పాల్వంచ దగ్గర కొత్తగూడెం కేంద్రంలో బొగ్గు పక్కనే కరెంటు పుట్టింది. బొగ్గును వందల మైళ్లు మోయడం కన్నా తీగలో కరెంటును పంపడం చవక అన్న సూత్రం మీద నడిచిన కాలం అది. రాజ్యాంగం ప్రకారం గనుల నియంత్రణలో కేంద్రానిది పైచేయి, కరెంటు ఉమ్మడి జాబితాలో ఉంది, నీళ్లు రాష్ట్రానివి. వీటిలో మొదటి రెండింటినీ కలపగలిగే చోటు ఢిల్లీలో కొంతకాలం ఉండింది: 1970లలో చమురు సంక్షోభం తర్వాత బొగ్గు, విద్యుత్తు ఒకే ఇంధన మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. ఇంధన విధాన కమిటీ 1974లో నివేదిక ఇచ్చింది. చమురు మీద ఆధారపడడం తగ్గించి బొగ్గును పెంచాలన్నది దాని సారం. 1992లో ఆ శాఖ విడిపోయి విద్యుత్తు, బొగ్గు, సంప్రదాయేతర ఇంధనాలు వేర్వేరయ్యాయి. 2006లో ప్రణాళికా సంఘం సమగ్ర ఇంధన విధానం అని ఒక పత్రం తెచ్చింది. అందులో చెప్పింది మంచిదే. దాన్ని అమలు చేసే బాధ్యత మాత్రం ఏ ఒక్క శాఖదీ కాలేదు.

జనగామ వైపు చరిత్ర ఇంకో దారిలో నడిచింది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడ్డాక పల్లెలకు స్తంభాలు రావడం ఊపందుకుంది. మోట పోయి ఆయిల్ ఇంజన్, అది పోయి కరెంటు మోటారు వచ్చాయి. బావుల్లో నీళ్లు దిగిపోతే బావిలోనే బోరు వేశారు. అదీ ఎండితే పొలంలో ఇంకో బోరు. మెట్ట భూమిలో వరి, పత్తి పండాలంటే ఆ బోరు ఒక్కటే దిక్కు. 1980ల తొలినాళ్లలో వ్యవసాయ మోటార్లకు మీటరు లెక్క తీసేసి హార్స్‌పవర్‌కు ఇంత అని స్లాబు పెట్టారు. ఎన్నికల్లో ఆ స్లాబు రేటే వాగ్దానమైంది. రైతుకు అది ఊరట. కానీ ఎంత కరెంటు ఎక్కడ ఖర్చవుతోందన్న లెక్క ఆ రోజుతోనే పోయింది. లెక్క లేని చోట బోర్డు తన నష్టాలన్నీ రైతు ఖాతాలో రాసుకోగలిగింది. రైతు తన వాడకం తక్కువని నిరూపించలేకపోయాడు. లెక్క పోవడం వల్ల ఎక్కువ నష్టపోయింది రైతే.

1990లలో కరువు, పత్తి పురుగు, అప్పు కలిసి వరంగల్ జిల్లాను కుదిపేశాయి. 1997–98లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వినిపించాయి. ఆ అప్పుల్లో పురుగుమందులతో పాటు ఎండిన బోర్లు, కాలిన మోటార్లు ఉన్నాయి. లో వోల్టేజీకి మోటారు వైండింగ్ కాలిపోతే రిపేరుకు వేలు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే దాని కింది రైతులంతా చందాలేసుకుని ట్రాక్టరు మీద వేసుకెళ్లడం మామూలైంది. త్రీఫేజ్ కరెంటు విడతలుగా, అదీ ఎక్కువగా రాత్రిళ్లు వచ్చేది. నడిరేయి మడి దగ్గరికి వెళ్లినవాళ్లలో కొందరు పాముకాటుకు, కొందరు తడి చేతులతో స్టార్టరు ముట్టి షాకుకు బలయ్యారు. ఆ బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేచి మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్‌నే కాల్చాయి.

ఆ కాలంలోనే భూపాలపల్లి పుట్టింది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, రామగుండం తర్వాత సింగరేణి గోదావరికి దక్షిణాన ములుగు అడవుల వైపు అడుగుపెట్టింది. కాకతీయ ఖని, జనం నోట కేటీకే, పేరుతో 1, 5, 6, 8 నంబరు ఇంక్లైన్లు (ఏటవాలు దారి భూగర్భ గనులు) దిగాయి. రైలు లేని చోట గనులు కావడంతో బొగ్గు లారీల మీదే కదిలింది. అడవి పల్లె కొన్నేళ్లలో కాలనీలు, క్యాంటీన్లు, షిఫ్టు సైరన్ల ఊరైంది. సరిగ్గా అప్పుడే సంస్థ కష్టాల్లో పడింది. నష్టాలు పేరుకుని ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్లింది. లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్యను తగ్గించడం, భూగర్భ గనుల బదులు ఓపెన్‌కాస్టులు పెంచడం సంస్థ ఎంచుకున్న దారి. ఈ రోజు సింగరేణి ఏటా 7 కోట్ల టన్నుల మేర బొగ్గు తీస్తోంది; పర్మనెంటు కార్మికులు 40 వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు పెరిగింది, ఉద్యోగం తగ్గింది. స్వచ్ఛ ఇంధనం వస్తే గని ఊళ్ల బతుకు ఏమవుతుందని ఇప్పుడు అడుగుతున్నారు. సోలార్ పలకలు రాకముందే, యంత్రాలతోనే, ఆ ఊళ్ల ఉపాధి సగానికి పైగా కరిగిపోయింది.

భూపాలపల్లి పక్కన గణపురం మండలం చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. మల్హర్ మండలం తాడిచెర్ల బొగ్గు బ్లాకు కూడా రాష్ట్ర జెన్‌కో చేతికి వచ్చింది. గని, కేంద్రం, గోదావరి నీళ్లు ఒకే చోట కుదరడం అరుదైన సౌలభ్యం. దాని ఖరీదు మాత్రం చుట్టుపక్కల పల్లెలు చెల్లిస్తున్నాయి: బొగ్గు లారీల దుమ్ము, బూడిద, ఓపెన్‌కాస్టు పేలుళ్లు, ఓవర్‌బర్డెన్ మట్టి గుట్టలు. మన బొగ్గులో బూడిద 30 నుంచి 40 శాతం. టన్ను బొగ్గు కాలిస్తే మూడో వంతు బూడిదగా మిగులుతుంది.

1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో బోర్డు చీలి 1999 ఫిబ్రవరిలో జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. 2000లో పంపిణీ నాలుగు డిస్కంల చేతికి వెళ్లింది. ఉత్తర తెలంగాణకు వరంగల్ కేంద్రంగా ఎన్‌పీడీసీఎల్ వచ్చింది. ఉత్పత్తి, సరఫరా, పంపిణీ విడిపోతే పోటీ వచ్చి రేటు తగ్గుతుందన్నారు. జనానికి ముందుగా వచ్చింది ఛార్జీల పెంపు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల మీద ఆందోళన చేస్తున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. ప్రజలను కలుపుకోకుండా చేసిన ఇంధన సంస్కరణ ఎంత ప్రాణాంతకమో ఆ రోజు తేలింది. 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం రైతులకు ఉచిత విద్యుత్తు మీద పెట్టారు. బిల్లు భయం పోయింది, రాత్రి కరెంటు మాత్రం పోలేదు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడేనాటికి కొరత తీవ్రంగా ఉంది. విభజన చట్టం కింద విద్యుత్తులో తెలంగాణకు 53.89 శాతం వాటా దక్కింది. ఆ శాతానికి ఆధారం అప్పటివరకు జరిగిన వాడకం. ఎవరి నేల మీద కేంద్రాలున్నాయన్న దానికన్నా ఎక్కడ మోటార్లు, ఫ్యాక్టరీలు తిరుగుతున్నాయన్నదే లెక్కకు వచ్చింది. జనగామ బోర్లు ఆ లెక్కలో రాష్ట్రానికి మేలు చేశాయి. దక్షిణాది గ్రిడ్డు 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైను ద్వారా దేశపు గ్రిడ్డుతో కలవడం కూడా కలిసొచ్చింది. అంతకు ముందు ఉత్తరాన మిగులు ఉన్నా ఇక్కడికి తెచ్చుకునే దారి ఇరుకు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలోని దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. రాత్రి కాపలా తప్పిన రైతుకు అది మాటల్లో చెప్పలేని మేలు. ఆ మేలును కాదనే హక్కు ఎవరికీ లేదు. అదే సమయంలో దాని వెనుక ఎంత బొగ్గు కాలుతోందో కూడా చూడాలి. అయిదు హార్స్‌పవర్ మోటారు ఎనిమిది గంటలు నడిస్తే సుమారు 30 యూనిట్లు. ఒక యూనిట్‌కు ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు. అంటే జనగామలో నడిచే ఒక్క మోటారు వెనుక భూపాలపల్లిలోనో కొత్తగూడెంలోనో రోజుకు 20 కిలోల బొగ్గు కాలుతుంది.

ఎత్తిపోతలు ఈ లెక్కను ఇంకా పెద్దది చేశాయి. గోదావరి లోతున పారుతుంది, జనగామ సముద్ర మట్టానికి దాదాపు 380 మీటర్ల ఎత్తున ఉంది. దేవాదుల పథకం నీళ్లను దశలవారీగా భీంఘన్‌పూర్, ధర్మసాగర్ మీదుగా పైకి తెచ్చి జనగామ వైపు జలాశయాలు నింపుతుంది. ఒక టీఎంసీ నీటిని 100 మీటర్లు లేపడానికి సిద్ధాంతం ప్రకారం 77 లక్షల యూనిట్లు కావాలి. పంపుల్లో, పైపుల్లో పోయేది కలుపుకుంటే కోటికి చేరుతుంది. ఆ కోటి యూనిట్లకు 7 వేల టన్నుల బొగ్గు. భూపాలపల్లి జిల్లాలోనే మహదేవపూర్ మండలంలో మేడిగడ్డ బ్యారేజీ, కన్నెపల్లి పంపుహౌస్‌తో 2019 జూన్ 21న మొదలైన కాళేశ్వరం పథకానికి వేల మెగావాట్లు కావాలని ప్రణాళిక వేశారు. 2022 జూలై వరదలో కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో పిల్లర్లు కుంగాయి. కట్టడపు లోపాల మీద విచారణలు జరిగాయి. ఇంధనం వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: నీటిపారుదల శాఖ పంపులు డిజైన్ చేసేటప్పుడు వాటి కరెంటు ఏ గని నుంచి, ఏ ఖర్చుతో, ఎన్నేళ్లు వస్తుందో విద్యుత్ శాఖతో కూర్చుని తేల్చుకోవాల్సింది. పాత చెరువులను పూడిక తీసి నింపుకుంటే తగ్గే ఎత్తిపోత ఎంతో కూడా అదే పట్టికలో ఉండాల్సింది.

2021లో గ్లాస్గో సదస్సులో భారత్ 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు, 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం లక్ష్యాలుగా ప్రకటించింది. తెలంగాణలో 2015 సోలార్ విధానంతో రాష్ట్రమంతటా చిన్న చిన్న కేంద్రాలు సబ్‌స్టేషన్ల పక్కన వచ్చాయి. సింగరేణి కూడా తన ఖాళీ భూముల్లో సోలార్ పలకలు పెట్టింది. బొగ్గు మొదట దొరికిన ఇల్లందులోనే 39 మెగావాట్ల కేంద్రం ఉంది. 2025 జనవరిలో రాష్ట్రం కొత్త స్వచ్ఛ, హరిత ఇంధన విధానం తెచ్చి 2030 నాటికి మరో 20 వేల మెగావాట్లు లక్ష్యమంది. మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సోలార్ కేంద్రాలు నడిపించాలన్న పథకమూ వచ్చింది. అదే సమయంలో దామరచర్లలో 4 వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం బొగ్గు మీదే కడుతూ వచ్చారు. రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే దశాబ్దంలో జరిగాయి.

జనగామ లాంటి చోట ఎండకూ సాగుకూ సహజమైన పొత్తుంది. బోరు పగలే నడవాలి, సోలార్ పగలే పుడుతుంది. వ్యవసాయ ఫీడర్లను ఇళ్ల ఫీడర్ల నుంచి విడదీసి, ఆ ఫీడరు సబ్‌స్టేషన్ దగ్గరే సోలార్ పెడితే రైతుకు పగటి కరెంటు దక్కుతుంది, దూరపు తీగల్లో నష్టం తగ్గుతుంది. 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం ఇందుకు వీలిచ్చేదే. మోటార్లకు మీటర్లు పెడితేనే రాష్ట్రానికి అదనంగా అప్పు తెచ్చుకునే అనుమతి ఇస్తామని కేంద్రం 2020 తర్వాత పెట్టిన షరతును తెలంగాణ ఒప్పుకోలేదు. రైతు భయం అర్థం చేసుకోదగినదే: మీటరు వచ్చింది అంటే రేపు బిల్లు వస్తుంది. ఫీడరు దగ్గర లెక్క పెట్టి రైతు గడపకు బిల్లు పోకుండా చూడడం సాధ్యమే. ఆ నమ్మకం చట్టంలో రాసి ఇవ్వకుండా మీటరు పెట్టమనడం న్యాయం కాదు.

భూపాలపల్లికి కావాల్సింది మరోరకం భరోసా. 2015లో గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. తవ్వకం నుంచి వచ్చే సొమ్ములో కొంత గని ప్రభావిత ఊళ్లకే ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు రోడ్లకు, భవనాలకు పోతే గని మూసిన రోజు ఊరికి ఏమీ మిగలదు. ఏ ఇంక్లైన్ ఏ ఏడాది అయిపోతుందో సింగరేణి దగ్గర అంచనా ఉంటుంది. ఆ అంచనా పక్కన కార్మికుల వయసు, వారి పిల్లల చదువు, ఓపెన్‌కాస్టు గోతుల్లో నిలిచే నీళ్లు, మట్టి గుట్టల మీద పెట్టదగిన సోలార్, చెల్పూరు కేంద్రం ఆగితే అక్కడి గ్రిడ్డు లైన్లను దేనికి వాడుకోవాలో ఒకే చోట రాయాలి. గని మూతకు పదేళ్ల ముందే ఆ పట్టిక గ్రామసభల ముందు పెట్టాలి. ఆ పని రాష్ట్ర ఇంధన శాఖ, సింగరేణి, నీటిపారుదల శాఖ ఒకే బల్ల ముందు కూర్చుని ఇప్పుడే మొదలుపెట్టాలి.